ఊటకు ఎగువన గొయ్యి

బులెమేరా సంతలో చేపలమ్మే ఆడవాళ్ళు రెండింటికే భయపడేవారు. ఒకటి పిడుగు, రెండోది జల్వాంగో. పిడుగు పడే ముందు మబ్బైనా కమ్ముతుంది. జల్వాంగో చెప్పాపెట్టకుండా వచ్చేది. ఖాకీ గౌను, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, చేతిలో ఓ వెదురుపుల్ల. ఆ పుల్లతో చేప మొప్ప ఎత్తి చూసేది. ఎరుపు తగ్గిందనిపించిందా, బుట్ట మొత్తం బురదలో కుమ్మరించేది.

"అయ్యా, నిన్న సాయంత్రమే సరస్సు నుంచి వచ్చిందయ్యా ఇది" అని చేపలామె మోకాళ్ళ మీద కూలబడి మొత్తుకునేది.

"నిన్న సాయంత్రం వచ్చింది నువ్వు. చేప అంతకు ముందే చచ్చింది."

మా బుగాండా రాజ్యంలో రాచపుట్టుక పుట్టిన ఆడపిల్లని ఎవరూ 'అమ్మా' అనరు. ఉయ్యాల్లో ఉన్నప్పటి నుంచీ 'అయ్యా' అనే పిలుస్తారు. రాచరక్తానికి ఆడామగా తేడా లేదని పెద్దల మాట. అందుకని సంతంతా ఆ శానిటరీ ఇన్‌స్పెక్టర్ ముందు మోకరిల్లి అయ్యా అయ్యా అనేది, ఆమె వీపు తిరగ్గానే పళ్ళు నూరేది.

"కోటలు పోతే పోయాయి, ఏలుకోవడానికి మరుగుదొడ్లు మిగిలాయి పాపం" అని మాంసం కొట్టువాడు ఒకసారి పక్కవాడితో అన్నాడు. అది ఆమె చెవిన పడింది.

"ఏలుకుంటున్నాను కదా. రేపటికి నీ కొట్టు వెనక కాలవ బాగుపడకపోతే నిన్ను కూడా ఏలుకుంటాను" అంది వెనక్కి తిరక్కుండానే.

ఆమె ఆ ఉద్యోగమే ఎందుకు కోరుకుందో సంతలో ఎవరికీ తెలియదు. రాకుమారి అన్నాక టీచరు కావచ్చు, నర్సు కావచ్చు, లేదా ఓ ఇంట్లో కూర్చుని పలకరింపులు అందుకుంటూ బతికేయవచ్చు. ఆమె మాత్రం కాలవలూ దొడ్లూ చూసే పని ఏరికోరి తీసుకుంది. కారణం నామిరి గుట్ట మీద ఉంది.

ఆమె తండ్రి మవాండా ఒకప్పటి కబాకాకి, అంటే మా రాజుకి, మునిమనవడు. సింహాసనానికి బహుదూరం. అలాంటి రాకుమారులు మా వైపు గుట్టకొకరు ఉండేవారు. నామిరి గుట్ట మీద ఆయనకో కాఫీ తోట, ఎర్ర పెంకుల ఇల్లు, గుట్ట నడుములో ఎంత ఎండలకూ ఆగని ఊట. ఆ ఊట నీళ్ళు ఊరందరివీ. బిందె పట్టుకుని ఎవరొచ్చినా ఆయన కాదనేవాడు కాదు. ఇంట్లో కారు నడపడానికి సెబున్యా అనే మనిషి, వంట చూడటానికి ఆయన భార్య. ఆమెకు కవలలు పుట్టారు కాబట్టి అందరూ నాలోంగో అనేవారు, కవలల తల్లి అని. సెబున్యాని సాలోంగో అనేవారు, కవలల తండ్రి అని.

రాజుగారి కోట మీద సైన్యం పడిన ఏడాది మవాండా కోటలోనే ఉన్నాడు. తొడలో గుండుతో, వానలో, అడ్డదారిన అరటితోటల్లో పడి నడిచి నడిచి గుట్ట చేరాడు. భార్య పుట్టింట చావుకని వెళ్ళి ఉంది. నాలోంగో ఆయన గాయం కడిగి, కాఫీ కొట్టంలో బస్తాల వెనక పడుకోబెట్టింది. ఆ సంగతి తెలిసింది ముగ్గురికే. నాలోంగోకి, సెబున్యాకి, అప్పటికి పాలపళ్ళైనా రాలని జల్వాంగోకి.

సైనికుల లారీ మధ్యాహ్నం పూట గుట్టెక్కింది. సెబున్యా కారు పక్కన నిలబడి గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. ఓ సైనికుడు ఏదో అడిగాడు. సెబున్యా నోరు విప్పలేదు, చెయ్యెత్తలేదు. మా వాళ్ళు దారి చెప్పేటప్పుడు వేలు చూపించరు, పెదాలు సాచి చూపిస్తారు. సెబున్యా కాఫీ కొట్టం వైపు పెదాలు సాచాడు.

అప్పటికే నాలోంగో వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి జల్వాంగోని వీపుకు గుడ్డతో బిగించి కట్టేసుకుంది. తన కవలలు చాప మీదే ఉన్నారు, ఒకడు ఏడుస్తున్నాడు కూడా. వాళ్ళని అక్కడే వదిలేసి రాచబిడ్డని మోసుకుని అరటితోటలోకి ఉరికింది. వీపు మీద పిల్ల తల తిప్పి చూసింది. ఆ పెదాలు చూసింది. ఆ తరవాత అన్నీ అరటాకులే.

మవాండాని లారీలో వేసుకుపోయారు. మళ్ళీ ఆయన కబురు లేదు, కాయం లేదు. కాయం లేనిదే మా వాళ్ళు చావుని ఇంట్లోంచి సాగనంపలేరు. పూడ్చాలి, బంధువులంతా కూడాలి, వారసుడికి బెరడు బట్ట కప్పాలి. అప్పుడే చావు ఇల్లు వదిలి పోతుంది. మవాండా చావు ఆ ఇంటి ఆడవాళ్ళతోనే ఉండిపోయింది, తిండి పెట్టకపోయినా కదలని చుట్టంలాగా.

ఆ గుట్టని సెబున్యాకి ఎవరిచ్చారో, ఎందుకిచ్చారో అడిగే రోజులు కావవి. ఏడాది తిరిగేసరికి ఎర్ర పెంకుల ఇంట్లో ఆయన కాపురం ఉన్నాడు. జల్వాంగో తల్లి కోర్టుకెక్కింది, ఓడింది. కుట్టుమిషను పెట్టుకుని కూతుర్ని చదివించింది. ఆ పిల్ల అన్నం ముందు కూర్చుని శూన్యంలోకి చూస్తుంటే ఒకే మాట అనేది:

"పగ పట్టేదానివైతే తింటూ పట్టవే. కడుపు మాడ్చుకున్నవాళ్ళ పగ ఎవరినీ కరవదు."

జల్వాంగో తిన్నది. చదివింది. ఆరోగ్యశాఖ బళ్ళో చేరతానంటే చుట్టాలు ముక్కున వేలేసుకున్నారు. మేనత్త అయితే ఏడ్చింది కూడా.

"రాచబిడ్డవి, ఊళ్ళో వాళ్ళ దొడ్లు తొంగి చూస్తావా?"

"అత్తా, ఈ దేశంలో ఎవరి గుమ్మమైనా అడక్కుండా తొక్కి లోపలికి పోగల ఉద్యోగం ఏదో చెప్పు" అంది జల్వాంగో. "పోలీసుకి కూడా వారంటు కావాలి. నాకు రబ్బరు బూట్లు చాలు."

ఎన్ని ప్రభుత్వాలు మారినా కాలవలు మారవు. ఆమె ఉత్తరాన పనిచేసింది, పడమట పనిచేసింది, యుద్ధాలు జరుగుతుంటే నీళ్ళల్లో మందు కలుపుతూ శిబిరాల్లో పనిచేసింది. ఎక్కడికి పంపినా వెళ్ళింది. బదిలీ అడిగే వంతు వచ్చినప్పుడల్లా ఒకటే అడిగింది: బులెమేరా. చివరికి వేశారు.

వచ్చిన వారంలోనే నామిరి గుట్ట ఎక్కింది. తన చిన్నప్పటి గేటు తనే తోసుకుని లోపలికి నడిచింది. వరండాలో సెబున్యా, తల నెరిసి, పొట్ట పెరిగి, తెల్లటి పొడుగు అంగీలో కూర్చుని ఉన్నాడు. చూసీ చూడగానే లేచి నిలబడ్డాడు.

"దయచేయండి అయ్యా. మీరొస్తారని తెలుసు."

"దొడ్డి చూడాలి" అంది జల్వాంగో.

చూసింది. గొయ్యి లోతు చాల్లేదంది. కొత్తది తవ్వించమంది. తవ్వించాడు. మళ్ళీ వెళ్ళింది, మూత బాగాలేదంది. చేయించాడు. పశువుల పాక ఇంటికి దగ్గరగా ఉందంది. జరిపించాడు. ఇలా ఏళ్ళు గడిచాయి. ఊళ్ళో అందరి ఇళ్ళకీ ఏడాదికోసారి వెళ్తే ఆ ఇంటికి నెలకోసారి వెళ్ళేది. ఒక్కసారీ లంచం అడగలేదు, ఒక్కసారీ లేని తప్పు రాయలేదు. ఆ సంగతి సెబున్యా సంతలో చెప్పుకుని నవ్వేవాడు.

"రాకుమారిగారి పుణ్యమా అని జిల్లాలో నా దొడ్డంత శుభ్రమైన దొడ్డి లేదు. ఆస్పత్రి వాళ్ళొచ్చి చూసి పోతున్నారు."

జల్వాంగో వచ్చినప్పుడల్లా నాలోంగో పెరటి గుమ్మంలో మోకరిల్లి నమస్కరించేది. ఓ చెంబుడు నీళ్ళు ఇచ్చేది. భర్తకి వినపడకుండా "తిన్నారా అయ్యా?" అనేది. జల్వాంగో ఆ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టేది కాదు. నాలోంగో ఇచ్చిన చెంబు మాత్రం ఎత్తి పూర్తిగా తాగేది. ఇద్దరి మధ్యా అంతకు మించి మాట ఉండేది కాదు. ఆ మొగుడితో ఎలా కాపురం చేస్తున్నావని ఈమె అడగలేదు, ఆమె చెప్పలేదు.

సెబున్యా తల్లి పోయింది. ఆమెని గుట్ట మీదే, ఊటకు పైవాలులో పూడ్చి సిమెంటు కట్టించాడు. ఆ పక్కనే తనకని ఇంకో గొయ్యి తవ్వించి లోపల ఇటుకలు పేర్పించి పైన రేకు వేయించాడు. ఆ రేకు ఎందుకో జల్వాంగోకి చూడగానే అర్థమైంది. ఎవరి సమాధులు ఉంటే వాళ్ళదే గుట్ట. మా వైపు పట్టా కాగితం చిరిగిపోవచ్చు గాని సమాధి చిరగదు. రాకుమారులని పూడ్చేది కసూబీలో, రాజుల సమాధుల దగ్గర, అందుకని నామిరి మీద మవాండా వాళ్ళ సమాధి ఒక్కటీ లేదు. సెబున్యా తల్లి సమాధి ఒకటి లేచింది. ఆయనది కూడా లేస్తే తరాల తరబడి ఆ గుట్ట వాళ్ళదే, దానికిక తిరుగు లేదు.

ఆ గోతిలో మాత్రం నిన్ను పడుకోనివ్వను అనుకుంది జల్వాంగో. పైకి అనలేదు. దొడ్డి బాగుందని చెప్పి గుట్ట దిగింది.

తరవాతి వానాకాలం జిల్లాలో కలరా వచ్చింది. జల్వాంగో తిండీ నిద్రా మానేసి పనిచేసింది, ఆ మాట శత్రువులు కూడా ఒప్పుకుంటారు. బులెమేరాలో చావులు తక్కువే. ఆ వేడి చల్లారకముందే ఆమె టౌన్ కౌన్సిల్లో లేచి నిలబడి, ఊటలకు ఎగువవాలులో ఇకమీదట ఎవరినీ పూడ్చకూడదని ఓ నియమం పెట్టమంది. పైన పూడ్చితే కింద తాగేది ఏమిటో విడమరిచి చెప్పింది. సభ్యులందరూ చేతులెత్తారు.

బయట సెబున్యా కర్ర ఊనుకుని నిలబడి ఉన్నాడు.

"అయ్యా, ఇది నీళ్ళ కోసమేనా?"

"నీళ్ళ కోసమే."

"నీళ్ళ కోసమేనని ఒట్టు వేస్తారా?"

"నువ్వు మా నాన్న దగ్గర ఉప్పు తిన్నావు సాలోంగో. ఒట్లు నీతోనా?"

అది నీళ్ళ కోసమే. అది నీళ్ళ కోసం మాత్రమే కాదు. రెండూ నిజమే కాబట్టి ఆమె గొంతు వణకలేదు.

కొన్నేళ్ళకు సెబున్యాకి కాలేయం చెడింది. కళ్ళు పసుపు పచ్చబడ్డాయి. ఒకరోజు మోటారు సైకిలు వెనక కూర్చుని జల్వాంగో ఆఫీసుకి వచ్చాడు. గుమ్మంలోనే, అంత ముసలి మనిషి, నేల మీద కూర్చున్నాడు.

"అయ్యా, నేనిక అట్టే రోజులుండను. నన్ను మా అమ్మ పక్కన పడుకోనివ్వండి."

జల్వాంగో కుర్చీలోంచి లేచి తలుపు వేసింది. ఎన్నో ఏళ్ళుగా నోట్లో నానుతున్న మాట అప్పుడు బయట పెట్టింది.

"మా నాన్న ఎక్కడున్నాడు?"

"నాకేం తెలుసయ్యా. నేను ఒక్క మాట కూడా అనలేదు ఆ రోజు."

"అనలేదు. పెదాలు సాచావు. నేను చూశాను."

సెబున్యా మొహం బూడిద రంగుకి తిరిగింది. ఇన్నేళ్ళూ ఆమె ఊహించి పగబట్టిందనే అనుకున్నాడు గాని, చూసిందని అనుకోలేదు.

"చంపుతామన్నారయ్యా. పిల్లలు చాప మీద ఉన్నారు."

"ఎక్కడికి తీసుకెళ్ళారు?"

"తెలియదు."

"అయితే నాకూ నియమం ఒక్కటే తెలుసు" అని తలుపు తీసింది జల్వాంగో.

ఆయన వానలు వెనకబట్టిన నెలలో పోయాడు. కొడుకులు గోతి మీద రేకు తీశారు. పొరుగూళ్ళ నుంచి జనం వచ్చారు, అరటాకుల్లో మటోకె, మా అరటికాయ ముద్ద, ఉడుకుతోంది, డోలు మోగుతోంది. బెరడు బట్టలో చుట్టిన శవాన్ని వరండాలోకి తెస్తుండగా జల్వాంగో గేటు తోసుకుని వచ్చింది. వెనక ఇద్దరు కానిస్టేబుళ్ళు. ఆ రోజు ఆమె ఖాకీ వేసుకోలేదు. పండగలకి కట్టుకునే పట్టు గోమేసి కట్టుకుని, నడుముకి పెద్ద నడికట్టు బిగించి వచ్చింది. జనం అలవాటు కొద్దీ మోకరిల్లారు.

"ఇక్కడ పూడ్చడానికి లేదు. కౌన్సిల్ శ్మశానానికి తీసుకెళ్ళండి. బండి కింద ఉంది."

కౌన్సిల్ శ్మశానం అంటే దిక్కులేనివాళ్ళని, తాగి రోడ్డు మీద పడిపోయినవాళ్ళని, ఆస్పత్రిలో ఎవరూ తీసుకెళ్ళని వాళ్ళని పూడ్చే చోటు. సొంత గుట్ట ఉన్న మనిషి అక్కడికి పోవడం బులెమేరాలో ఎవరూ విననిది.

కొడుకులు కలబడ్డారు. "మా నాన్నని కుక్కల్లో పూడుస్తామా? మా స్థలం, మా గొయ్యి" అని పెద్దవాడు అరిచాడు.

"మీ గొయ్యే. కింద ఊట ఊరిది."

బిందెలు పట్టుకుని చూస్తున్న ఆడవాళ్ళు తలలూపారు. కలరా ఎవరూ మరిచిపోలేదు. పెద్దవాడు జనం వైపు చూశాడు, ఎవరూ కదల్లేదు.

అప్పుడు నాలోంగో లోపల్నుంచి వచ్చింది. శవం దగ్గర ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. జల్వాంగో ముందు మోకరిల్లింది.

"అయ్యా, నియమం నియమమే. మేం కాదనం. ఈ వాలు వద్దు. గుట్టకి అటువైపు, చిత్తడి వైపు వాలు ఉంది కదా, అక్కడ పూడ్చుకుంటాం. అటు నీళ్ళు ఊటలోకి రావు. ఆయన్ని గుట్ట మీద మాత్రం ఉండనివ్వండి."

అది న్యాయమైన మాట. నియమంలో ఎగువవాలు అని ఉంది గాని గుట్ట అంతా అని లేదు. కానిస్టేబుళ్ళు కూడా అమ్మయ్య అన్నట్టు చూశారు. జల్వాంగో ఆ గుట్ట మీద పుట్టింది, అటు వాన నీళ్ళు ఎటు పోతాయో ఆమెకు తెలుసు. చిన్నప్పుడు కాగితపు పడవలు వదిలింది అటే.

"అటు నీళ్ళు కూడా లోపల్లోపల ఊటలోకే వస్తాయి" అంది.

ఉద్యోగం మొత్తం మీద ఆమె ఆడిన అబద్ధం అదొక్కటే.

నాలోంగో తలెత్తింది. పెళ్ళై వచ్చిన నాటి నుంచీ ఆ గుట్ట నీళ్ళు మోసిన మనిషి ఆమె. ఏదో అనడానికి పెదాలు విడివడ్డాయి, మళ్ళీ మూసుకున్నాయి. మోకాళ్ళ మీద చేతులు ఆనించి మెల్లగా లేచి నిలబడింది.

"బండెక్కించండ్రా మీ నాన్నని" అంది కొడుకులతో.

కౌన్సిల్ బండి వెనక జనం సగం దూరం వెళ్ళి ఆగిపోయారు. కొడుకులూ నాలుగైదుగురు బంధువులే చివరి దాకా వెళ్ళారు. పేరు లేని మట్టిదిబ్బల మధ్య సెబున్యాని పూడ్చారు. జల్వాంగో రోడ్డు మీద నిలబడి చివరి పార మట్టి పడేదాకా చూసింది. తండ్రి ఏ పరాయి మట్టిలో పడుకున్నాడో తెలియదు, ఆయన్ని చూపించినవాడు కూడా పరాయి మట్టిలోనే పడుకున్నాడు. ఇంటికొచ్చి రెండు ముద్దలు ఎక్కువే తిన్నది. తియ్యగా ఉందా అంటే ఉంది. అందులో దాపరికం ఏం లేదు. ఆ వారమంతా సంతలో ఒక్క బుట్ట కూడా కుమ్మరించలేదని చేపలవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు.

నెల గడిచాక ఒక పొద్దున నాలోంగో ఆమె క్వార్టర్సుకి వచ్చింది. మోకరిల్లలేదు. అడక్కుండానే కుర్చీ లాక్కుని కూర్చుంది.

"పిల్లా" అంది. పుట్టాక జల్వాంగోని ఆమె అలా పిలవడం అదే మొదలు. "ఆయన పోయే ముందు రోజు నాతో ఓ సంగతి చెప్పాడు. ఆ రోజు లారీలో ఆయన్ని కూడా ఎక్కించుకుపోయారు. పార ఇచ్చారు. మీ నాన్న గొయ్యి తవ్వింది ఆయనే."

జల్వాంగో చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది.

"ఎక్కడో చెప్పాడు. ఏ ఊరు దాటాక లారీ ఆగిందో, ఏ చెట్ల వెనక్కి తీసుకెళ్ళారో, తల ఎటు పెట్టారో అంతా చెప్పాడు. నీకెందుకు చెప్పలేదని అడిగాను. చెప్తే గొయ్యి తవ్వినవాడివి నువ్వేనా అని నన్ను ఉరి తీయిస్తుందే అన్నాడు. భయస్తుడు, ఎప్పుడూ భయస్తుడే. ఆ మాట నోట్లో పెట్టుకునే ఆ రోజు నీ ముందు మోకరిల్లాను. అటు వాలు ఇచ్చి ఉంటే అక్కడే, అందరి ముందూ చెప్పేసేదాన్ని."

"చెప్పు నాలోంగో."

"ముందు నువ్వు చెప్పు. గుట్టకి అటువైపు నీళ్ళు ఎటు పోతాయి?"

జల్వాంగో టీ గ్లాసు బల్ల మీద పెట్టింది.

"చిత్తట్లోకి" అంది చివరికి.

"ఆ రోజు తెలుసా?"

"తెలుసు."

"అయితే సరి. నీకు తెలిసింది నువ్వు దాచుకున్నావు, నాకు తెలిసింది నేను దాచుకుంటాను."

జల్వాంగో మొదట పోలీసుల పేరెత్తింది. నాలోంగో నవ్వింది. "ముసలిదాన్ని కొట్టిస్తావా? నిన్ను మోసిన వీపే ఇది, ఎటు కొట్టాలో నీకే బాగా తెలుసు" అంది. అప్పుడు జల్వాంగో దిగివచ్చింది. ఇవాళే సంతకం పెడతాను, సాలోంగోని తవ్వి తెచ్చి అటు వాలులో పూడ్చుకోండి అంది.

"పూడ్చినవాణ్ణి పెరకడం మా వంశంలో లేదు. ఆయనక్కడే ఉంటాడు. మీ నాన్న ఎక్కడున్నాడో అక్కడే ఉంటాడు." గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. "నా ఇద్దర్నీ చాప మీద వదిలేసి నిన్ను ఎత్తుకుని పరుగెత్తాను. నేను నిన్ను ఎప్పుడైనా ఏదైనా అడిగానా? ఒక్కటంటే ఒక్కటి అడిగాను."

జల్వాంగో రిటైరయ్యే దాకా, అయ్యాక కూడా ప్రతి ఆదివారం చర్చి నుంచి నేరుగా నామిరి గుట్టకి వెళ్ళేది. నాలోంగో వద్దనేది కాదు. ఇద్దరూ పెరట్లో చాప మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలిచేవారు. నాలోంగో మటోకె, వేరుశనగ పులుసు వడ్డించేది. ఈమె తినేది. ఊళ్ళో వాళ్ళు చూసి ముచ్చటపడ్డారు. ఎంతైనా పెంచిన చెయ్యి, కలిసిపోయారు అనుకున్నారు. పాదిరీ అయితే ప్రసంగంలో కూడా చెప్పాడు, క్షమ అంటే ఇదీ అని.

క్షమా లేదు, పాడూ లేదు. ఒకామె ఆ మాట కోసం వచ్చేది, రెండో ఆమె ఇవ్వకుండా ఉండటం కోసం కూర్చోబెట్టేది. జల్వాంగో అడగడం ఎప్పుడో మానేసింది. అడిగితే నాలోంగోకి సుఖంగా ఉంటుందని తెలుసు. నాలోంగో అప్పుడప్పుడూ మాటల్లో "ఆ చెట్లకి ఈ పాటికి ఎంత నీడ వచ్చి ఉంటుందో" అనేసి, కాయ చిదిపి, గింజ నోట్లో వేసుకునేది. జల్వాంగో తన చేతిలో కాయ చిట్లకొట్టేది. అంతే.

నాలోంగోకి పక్షవాతం వచ్చినప్పుడు కోడళ్ళకంటే ముందు ఈమే చేరింది. ఒళ్ళు తుడిచింది, పక్క మార్చింది, గంజి పట్టింది. ప్రేమతో చేసిందా, ఆ ఒక్క మాట జారుతుందేమోనని చేసిందా అంటే ఆమెకే తెలియదు. నాలోంగోకి ఎడమ చెయ్యి పోయింది గాని మాట పోలేదు. నీళ్ళు అడిగేది, కిటికీ తీయమనేది, కోడలి వంట తిట్టేది. ఒకరోజు జల్వాంగో చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది. ఈమె వంగి ఆమె నోటి దగ్గర చెవి పెట్టింది.

"బరువుండేదానివి. చిన్నప్పుడు. అరటితోటలో నా ఊపిరి పోయిందనుకున్నాను" అంది నాలోంగో.

"తరవాత?"

"తరవాత ఏముంది, పరుగెత్తాను."

రెండు రోజులకు, నిద్రలోనే పోయింది. ఆమెని పుట్టింటివాళ్ళు తమ గుట్ట మీద పూడ్చుకున్నారు. ఆ మట్టి వేసేటప్పుడు జల్వాంగోని ఎవరూ ఆపలేదు, ఎవరూ పలకరించలేదు. వచ్చేటప్పుడు పెద్దకొడుకుని పక్కకి పిలిచి అడిగింది, అమ్మ ఏమైనా చెప్పిందా అని. "మాకేం చెప్పలేదండీ" అన్నాడతను. అయ్యా అనలేదు, అండీ అన్నాడు. కొడుకులు తరవాత గుట్టని ముక్కలు చేసి అమ్ముకున్నారు. ఇప్పుడు దాని మీద రేకుల ఇళ్ళు. ఊట మాత్రం పారుతోంది, పైపు వేశారు.

ఆ ఏడే జల్వాంగో తండ్రి చావుని సాగనంపింది. కాయం దొరకనప్పుడు అరటిబోదెని బెరడు బట్టలో చుట్టి పూడ్చే పద్ధతి ఒకటుంది మాకు. అన్నాళ్ళూ ఆమె దానికి ఒప్పుకోలేదు. బులెమేరాలో తను కొనుక్కున్న చిన్న స్థలంలో, వంటింటి వెనక గొయ్యి తవ్వించింది. అక్కడికి దరిదాపుల్లో ఊటలేవీ లేవని ముందే చూసుకుంది. దూరపు చుట్టం మనవణ్ణి వారసుడిగా కూర్చోబెట్టారు. డోలు మోగింది, వచ్చినవాళ్ళు తిన్నారు, తాగారు, తెల్లవారాక వెళ్ళిపోయారు.

మేనత్త ఒక్కతే మిగిలింది. తొంభై దాటిన మనిషి, చెవులు మాత్రం పాము చెవులు. ఊళ్ళో మాటలన్నీ ఆమెకి చేరేవి, నాలోంగో దాచుకున్న సంగతి మాత్రం జల్వాంగోయే ఆమెకి చెప్పుకుంది.

"జల్వాంగో, ఆ రోజు అటు వాలు ఇచ్చేసి ఉంటే అన్నయ్య ఎముకలే దొరికేవి కదే. అరటిబోదె పూడ్చుకునే ఖర్మ తప్పేది."

"దొరికేవి."

"మరి ఇప్పుడు అడిగితే ఇస్తావా?"

జల్వాంగో పీటలు ఎత్తి గోడకి ఆనించింది. గిన్నెల్లో మిగిలిన పులుసు ఒక దాంట్లోకి ఒంపింది.

"ఇవ్వనత్తా" అంది. "నువ్వింత తిను. పొద్దుట్నుంచీ ఏం తినలేదు."